బిడ్డతో ఒంటరిగా విదేశయానం – పాటించవలసిన ఆరోగ్య నియమాలు

తెలుగు కుటుంబాలలో విదేశయానం నేడు అరుదైన విషయం కాదు. అమెరికాలోని అక్కగారింటికి, దుబాయిలో ఉద్యోగం చేస్తున్న తమ్ముని వద్దకు, లేదా సింగపూరులో తనకే దొరికిన కొత్త కొలువుకు పసిబిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరేవారు ఎందరో ఉన్నారు. వారిలో జీవిత భాగస్వామిని కోల్పోయినవారు, విడిపోయినవారు, ఒంటిచేతి మీద బిడ్డను పెంచుతున్నవారు కూడా ఉన్నారు. ఈ వ్యాసం అట్టివారి కొరకు. సౌలభ్యం కొరకు ‘తల్లి’ అని వ్రాసినప్పటికీ, ఒంటరిగా బిడ్డను సాకుతున్న తండ్రికి కూడా ఇందులోని నియమాలన్నీ వర్తిస్తాయి.

ఇద్దరు పెద్దలు వెంట ఉన్నప్పుడు ఒకరు నిద్రించితే మరొకరు మేలుకొంటారు. ఒకరు వరుసలో నిలబడితే మరొకరు బిడ్డను ఎత్తుకొంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఈ భారమంతా ఒకే శరీరంపై పడుతుంది. బిడ్డకు జ్వరం వస్తే చూచుకొనుటకు తల్లి ఉన్నది. తల్లికే జ్వరం వస్తే చూచువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానం ఇంటి గడప దాటకముందే సిద్ధం చేసుకొనవలెను. బిడ్డ కొరకు మందుల పెట్టె సర్దుకొను తల్లి తన నిద్ర, తన ఆహారం, తన విశ్రాంతి కూడా ఆ పెట్టెలో భాగమేనని గ్రహించవలెను.

ప్రయాణము – వాతప్రకోపము

అతిశ్రమ, రాత్రి జాగరణ, వేళ తప్పిన భోజనం, చల్లని పొడిగాలి – ఇవన్నీ వాతమును ప్రకోపింపజేయునవని ఆయుర్వేదం చెబుతుంది. దూరపు విమాన ప్రయాణంలో ఇవి నాలుగూ ఒకేసారి ఎదురవుతాయి. విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కంటె తక్కువ. లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తైన కొండమీద ఉన్నట్లుగా ఉంటుంది. అందుచేతనే పెదవులు ఎండుట, ముక్కు పొడిబారుట, కడుపు ఉబ్బరం, మలబద్ధకం, నిద్రలేమి వంటి బాధలు కలుగుతాయి. ఇవన్నీ మన వైద్యులు వాత లక్షణాలుగా చెప్పినవే.

వాతమునకు ప్రతిక్రియ స్నిగ్ధత, ఉష్ణత, నియమబద్ధమైన దినచర్య. నెయ్యి కలిపిన వెచ్చని ఆహారం, తగినంత నీరు, నువ్వుల నూనెతో అభ్యంగనం, వేళకు నిద్ర – ఈ నాలుగింటిని ప్రయాణానికి వారం ముందునుండి తల్లీబిడ్డలిద్దరూ పాటించుట మంచిది.

బిడ్డ వయస్సునుబట్టి జాగ్రత్త

సుశ్రుతుడు బాల్యాన్ని మూడు దశలుగా విభజించినాడు. ఏడాది వరకు పాలు మాత్రమే త్రాగువాడు క్షీరపుడు. రెండేళ్ళ వరకు పాలు, అన్నం రెండూ తీసుకొనువాడు క్షీరాన్నాదుడు. ఆ పైవాడు అన్నాదుడు. నేటి శిశువైద్యులు ఆరు నెలలు నిండిన పిదప మెత్తని ఆహారం మొదలుపెట్టమని చెబుతారు. అయినను ఆహారాన్నిబట్టి వయస్సును చూచు ఈ పద్ధతి ప్రయాణికులకు నేటికీ ఉపయోగపడుతుంది.

తల్లిపాలు త్రాగే బిడ్డకు వేరే ఆహారపు చింత లేదు. తల్లి ఆహారమే బిడ్డ ఆహారం. పాలు, అన్నం రెండూ తీసుకొను బిడ్డతో ప్రయాణమే కష్టతరం. వాడు నడువగలడు, పరుగెత్తగలడు, కాని చెప్పిన మాట వినడు. వీలున్నచో అట్టి బిడ్డతో పగటి విమానం కంటె రాత్రి విమానం ఎన్నుకొనుట మేలు. అన్నాదుడైన బిడ్డకు మనం ఎక్కడికి, ఎందుకు వెళుతున్నామో ముందుగా కథవలె చెప్పవలెను. ‘నాన్న ఎందుకు రావడం లేదు?’ అని అడిగితే వాని వయస్సుకు తగిన నిజమే చెప్పవలెను. తప్పించుకొను సమాధానం విన్న పిల్లలు దారిపొడవునా అదే ప్రశ్నతో అలజడి చెందుతారు. మనస్సులోని దిగులు ఆకలిని, నిద్రను రెంటినీ చెరుపుతుంది.

ఆరు వారాల ముందుగా చేయవలసినవి

బిడ్డను వైద్యునికి చూపి, వెళ్ళే దేశానికి అవసరమైన టీకాలు ఏవో అడిగి తెలుసుకొనవలెను. కొన్ని ఆఫ్రికా దేశాలకు పచ్చజ్వరం టీకా పత్రం అవసరం; ఆ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకొనవలెను. బిడ్డ బరువు తూయించి, జ్వరానికి ఇచ్చు పారాసిటమాల్ మోతాదును అదే సీసాకు సరిపోవునట్లు మిల్లీలీటర్లలో వ్రాయించుకొనవలెను. విదేశాలలో ఆసుపత్రి ఖర్చు మధ్యతరగతి వారు భరించగలిగినది కాదు గనుక తల్లీబిడ్డలిద్దరికీ ప్రయాణ బీమా తప్పనిసరి.

కాగితాల విషయం ఆరోగ్య పత్రికలో ఎందుకని అనుకొనరాదు. విమానాశ్రయంలో కాగితం లేక గంటల తరబడి నిలబడిన తల్లి అలసట బిడ్డ మీదకే వస్తుంది. మన దేశంలో 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలను సడలించి, దరఖాస్తులో తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుడు – ఒక్కరి పేరు ఉన్నా చాలునని ప్రకటించారు. మైనరు బిడ్డ పాస్‌పోర్టు అయిదేళ్ళకు లేదా 18 ఏళ్ళు నిండే వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. కనుక గడువు చూచుకొనవలెను. బిడ్డ జనన ధ్రువపత్రం, రెండవ తల్లి లేదా తండ్రి సమ్మతిని తెలుపుతూ నోటరీ చేయించిన లేఖ, అది సాధ్యం కానప్పుడు మరణ ధ్రువపత్రం లేదా బిడ్డ సంరక్షణపై న్యాయస్థానం ఇచ్చిన ఉత్తర్వు – వీటి నకళ్ళు చేతిసంచిలో ఉండవలెను. బిడ్డ సంరక్షణపై కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నచో న్యాయవాది సలహా లేకుండా దేశం దాటించరాదు.

మందుల పెట్టెలో ఉంచవలసినవి

ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు, పారాసిటమాల్ సీసా, దానితో వచ్చిన కొలత గొట్టం, జ్వరమానిని, బిడ్డ నిత్యం వాడు మందులు, వాటి చీటీ; వీటితోపాటు శొంఠి పొడి, వాము, జీలకర్ర, సైంధవ లవణం ఒక్కొక్క చిన్న పొట్లం. వీటిని మూతపెట్టిన సీసాలలో ఉంచి, పేరు ఇంగ్లీషులో అంటించవలెను. పేరులేని తెల్లపొడి, నల్లపొడి ఏదైనను అధికారులకు అనుమానం కలిగిస్తుంది.

చేతిసంచిలో ద్రవపదార్థం ఏదైనను సాధారణంగా ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లకు మించరాదు. పెరుగు, నెయ్యి, తేనె, ఊరగాయ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పసిబిడ్డ పాలకు, మందులకు ఈ నియమంలో సడలింపు ఉంటుంది. తనిఖీ వద్ద ముందుగానే చూపవలెను.

మందుల పెట్టెలో ఉంచరానివి

ఈ భాగమును పాఠకులు శ్రద్ధగా చదువవలెను. మన ఇళ్ళలో అమ్మమ్మలు నమ్మకంతో సర్ది ఇచ్చే వస్తువులలో కొన్ని బిడ్డకు, తల్లికి కూడా ఆపద తెచ్చునవి కలవు.

1. గసగసాలు: హైదరాబాదు నుండి అమెరికా, ఐరోపా వెళ్ళే ప్రయాణికులలో చాలామంది గల్ఫు నగరాలలో విమానం మారుతారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోను, సింగపూరులోను గసగసాలు నిషిద్ధం. గసగసాలు కలిపి దంచిన మసాలా పొడి కూడా అంతే. వెంట బిడ్డ తప్ప మరెవ్వరూ లేని తల్లిని విచారణకు కూర్చోబెట్టినచో ఆ బిడ్డ గతి ఏమో ఆలోచించవలెను. ఈ ఒక్క వస్తువును ఇంటి వద్దనే వదలివేయుట ఉత్తమం.

2. కర్పూరం: జలుబు చేసిన బిడ్డ వస్త్రానికి కర్పూరం మూటకట్టుట, నూనెలో కలిపి ఛాతీకి రాయుట మన ఆచారం. కర్పూరం సులభంగా అంటుకొనే పదార్థం గనుక విమానంలో అనుమతించరు. అంతకంటె ముఖ్యం – పసిబిడ్డ కొద్దిపాటి కర్పూరం మ్రింగినా మూర్ఛ రాగలదు. రెండేళ్ళలోపు బిడ్డకు కర్పూరం కలిసిన లేపనాలు కూడా వాడరాదు.

3. వసకొమ్ము: మాటలు త్వరగా వస్తాయని అరగదీసి నాకిస్తారు. ఇందులోని ఒక తైలాంశం హానికరమని తేలుటచే అమెరికా 1968లో వసను ఆహార పదార్థాలలో నిషేధించింది. పసిబిడ్డకు ఇంటివైద్యంగా దీనిని వాడవద్దు.

4. జాజికాయ, నిద్రమందులు: బిడ్డ విమానంలో నిద్రపోవుటకై జాజికాయ అరగదీసి పట్టుట, దగ్గుమందు త్రాగించుట కొందరు చేయు పని. జాజికాయ మోతాదు మించితే విషతుల్యం. దగ్గుమందుల వలన కొందరు పిల్లలు మగతకు బదులు ఉద్రేకం చెందుతారు. మరికొందరికి శ్వాస మందగిస్తుంది. మందుతో తెచ్చిన నిద్రను కనిపెట్టుకొని ఉండుటకు రెండవ మనిషి లేనప్పుడు ఈ సాహసం అసలే తగదు.

5. భస్మములు, రసౌషధములు: పాదరసం, సీసం వంటి లోహాలతో కూడిన మందులు పిల్లలకు వైద్యుని పర్యవేక్షణ లేనిదే ఇవ్వరాదు. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షింపగా 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. ఆయుర్వేదంపై గౌరవం ఉన్నవారే ఈ విషయంలో ఎక్కువ జాగరూకత వహించవలెను. అంగటి సుర్మా, కాటుకలలో కూడా సీసం ఉండవచ్చును. కంటికి, కనుబొమలకు పెట్టక మానినచో నష్టమేమీ లేదు.

6. తేనె: ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయినా ఇవ్వరాదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగులలో విషం పుట్టించి కండరాలను చచ్చుబరుస్తుంది.

ఇవిగాక పచ్చి కరివేపాకును అమెరికాలోనికి అనుమతించరు. ఎండుకొబ్బరి నూనెగుణం వలన తనంతట తాను వేడెక్కును గనుక దానిని పెద్దపెట్టెలో పెట్టరాదు.

విమానంలో

ఆహారం: బయలుదేరే నాడు బిడ్డకు తేలికగా జీర్ణమగు పెసరపప్పు పులగం, ఇడ్లీ వంటివి పెట్టి, నూనె వంటకాలు మానిపించవలెను. దారికి వేయించిన అటుకులు, మరమరాలు, సున్నుండలు, వేడినీటిలో కలుపుకొనే రాగిజావ పొడి చక్కనివి. అయిదేళ్ళలోపు పిల్లలకు వేరుసెనగ గింజలు, జీడిపప్పు గింజగా ఇవ్వరాదు. కుదుపులో గొంతుకు అడ్డుపడగలవు. గంటకొకసారి రెండు మూడు గుక్కల నీరు త్రాగించుచుండవలెను.

చెవిపోటు: విమానం దిగునప్పుడు బిడ్డలు ఏడ్చుటకు ముఖ్యకారణం ఇదే. ముక్కు వెనుక భాగమునుండి చెవి లోపలికి ఒక సన్నని నాళం ఉన్నది. గాలి ఒత్తిడి మారునప్పుడు గుటక వేసినచో ఆ నాళం తెరచుకొని బాధ తగ్గుతుంది. కనుక దిగుటకు అరగంట ముందే బిడ్డను లేపి, చంటిబిడ్డకు పాలు, పెద్దబిడ్డకు నీరు కొద్దికొద్దిగా ఇవ్వవలెను. చెవులలో దూది పెట్టినంత మాత్రాన లోపలి ఒత్తిడి సమం కాదు. ప్రయాణానికి ముందు చెవిలో నూనె పోయరాదు. జలుబుతోపాటు చెవిపోటు ఉన్న బిడ్డను వైద్యునికి చూపిన పిదపనే విమానం ఎక్కించవలెను.

మూత్రవిసర్జన: ఇది తల్లికి సంబంధించినది. బిడ్డను వదలి వెళ్ళలేక, నీరు త్రాగుట మానివేసి, గంటల తరబడి బిగపట్టుకొని కూర్చొను తల్లులు అనేకులు. చరకుడు ఆపరాని 13 సహజ వేగాలను చెబుతూ మూత్రవేగమును మొదటనే పేర్కొన్నాడు. దీని ఫలితం మూత్రంలో మంట, జ్వరం. అది కూడా కొత్త దేశంలో కాలు మోపిన నాడే. సీటు పక్కగా నడవ ఉండునట్లు ముందే కోరవలెను. చంటిబిడ్డకు ఊయలతొట్టి గల ముందువరుసను టిక్కెట్టు కొన్ననాడే అడుగవలెను. నడిచే బిడ్డను వెంట తీసుకొనియే వెళ్ళవలెను. నిద్రించే బిడ్డ వద్ద అయిదు నిమిషాలు నిలబడుమని విమాన పరిచారికను అడుగుట చిన్నతనం కాదు. నీరు మానరాదు. రెండు గంటలకొకసారి లేచి నడచుట వలన కాళ్ళలో రక్తం గడ్డకట్టు ప్రమాదం కూడా తగ్గుతుంది.

కొత్త దేశంలో మొదటి వారం

హైదరాబాదులో రాత్రి 9 గంటలైనప్పుడు న్యూయార్కులో వేసవిలో ఉదయం 11.30, శీతకాలంలో 10.30 గంటలు. శరీరం ఈ తేడాకు అలవాటు పడుటకు సుమారుగా గంటకొక రోజు పడుతుంది. అలవాటైన దానిని ఒక్కసారిగా మానక పాదము పాదముగా మార్చవలెనని చరకుడు చెప్పిన పాదాంశిక క్రమం ఇక్కడ అన్వయిస్తుంది. బయలుదేరుటకు నాలుగు రోజుల ముందునుండి, పడమటి దేశాలకు వెళ్ళువారు బిడ్డ నిద్రవేళను రోజుకు అరగంట ఆలస్యం చేయవలెను. సింగపూరు, ఆస్ట్రేలియా వంటి తూర్పు దేశాలకు వెళ్ళువారు అరగంట ముందుకు జరుపవలెను.

చేరిన పిదప పగలు బిడ్డను ఎండలో ఆడించి, మధ్యాహ్నపు నిద్రను గంటన్నరకు మించనీయరాదు. అర్ధరాత్రి ఆకలితో లేచినచో మసక వెలుతురులోనే గోరువెచ్చని పాలు, కాస్త అన్నం పెట్టి మరల పడుకోబెట్టవలెను. ఫోను, టీవీ చూపరాదు. మొదటి మూడు రోజులు చూడవలసిన ప్రదేశాలు, చుట్టాల విందులు పెట్టుకొనరాదు. బిడ్డ పగలు నిద్రించిన వేళ తల్లి కూడా నిద్రించవలెను. పెట్టెలు సర్దుట ఆగగలదు.

చిన్న రుగ్మతలకు గృహచికిత్సలు

కడుపు ఉబ్బరం: గ్లాసు నీటిలో అరచెంచా వాము వేసి సగమగునట్లు మరిగించి వడగట్టి, రెండేళ్ళు దాటిన బిడ్డకు రెండు చెంచాలు గోరువెచ్చగా ఇవ్వవలెను.

ప్రయాణపు వాంతులు: చిటికెడు శొంఠిపొడి బెల్లంలో కలిపి, రెండేళ్ళు దాటిన బిడ్డకు బయలుదేరుటకు అరగంట ముందు నాకించవచ్చును. పెద్దలకు పావుచెంచా.

మలబద్ధకం: నాలుగైదు కిస్‌మిస్‌లను రాత్రి నానబెట్టి ఉదయం బాగుగా మెదిపి, ఆ నీటితో సహా ఇవ్వవలెను.

జలుబు: గది గాలిని తేమగా ఉంచి, గోరువెచ్చని నీరు, పలుచని చారు ఇవ్వవలెను. మరిగే నీటి గిన్నెపై బిడ్డకు ఆవిరి పట్టరాదు; కాలుటకు ఒక్క క్షణం చాలును.

విరేచనాలు: ఓఆర్ఎస్ దొరకని చోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అర సమచెంచా ఉప్పు కలిపి, విరేచనం అయిన ప్రతిసారీ కొద్దికొద్దిగా త్రాగించవలెను. కొలత తప్పరాదు. తల్లిపాలు, అన్నం ఆపరాదు.

జ్వరం: పారాసిటమాల్‌ను బిడ్డ బరువు కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకుండా, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వవలెను. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం, ఎగశ్వాస లేదా డొక్కలు ఎగురుట, మూర్ఛ, లేపినా లేవని మగత, ఆరు నుండి ఎనిమిది గంటలు మూత్రం రాకపోవుట, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం – వీటిలో ఏది కనిపించినా ఇంటివైద్యం ఆపి తక్షణం ఆసుపత్రికి వెళ్ళవలెను. అత్యవసర సహాయానికి అమెరికాలో 911, బ్రిటనులో 999, ఐరోపా సమాఖ్య దేశాలలో 112, ఆస్ట్రేలియాలో 000, ఎమిరేట్స్‌లో అంబులెన్సుకు 998 పిలువవలెను.

తల్లికే అస్వస్థత కలిగినచో

ఒక అట్టముక్కపై తల్లి పేరు, బిడ్డ పేరు, ఇద్దరి రక్తవర్గం, పడని మందులు, నిత్యం వాడు మందులు, చేరబోవు ఇంటి చిరునామా, ఆ దేశంలో ఒకరివి, మన దేశంలో ఒకరివి ఫోను నంబర్లు ఇంగ్లీషులో వ్రాసి, ఒక ప్రతి తల్లి పాస్‌పోర్టులోను, ఒక ప్రతి బిడ్డ జేబులోను ఉంచవలెను. ‘నాకు బాగోలేకపోతే బిడ్డను ఎవరికి అప్పగించవలెను’ అన్నది ఆ అట్టపై స్పష్టంగా ఉండవలెను. ఆ వ్యక్తికి ముందుగా చెప్పి ఒప్పించవలెను. నాలుగేళ్ళు దాటిన బిడ్డకు తన పూర్తిపేరు, తల్లి పూర్తిపేరు, ఒక ఫోను నంబరు పాటగా నేర్పవచ్చును. ‘అమ్మ లేవకపోతే ఎవరిని పిలువవలెను’ అన్నది భయపెట్టకుండా ఆటవలె నేర్పవలెను.

ఆహారం, నిద్ర శరీరాన్ని నిలబెట్టు స్తంభాలని ఆయుర్వేదం చెబుతుంది. బిడ్డ తిని వదలిన ముద్దతో సరిపెట్టుకొనుట, అందరూ నిద్రించిన పిదప పనులు ముగించుకొనుట మన తల్లులకు అలవాటు. స్వదేశంలో ఆ అలవాటును ఇరుగుపొరుగు, అమ్మగారు, అత్తగారు ఎంతోకొంత కాచుకొంటారు. పరాయి దేశంలో ఆ అండ ఉండదు. బయలుదేరే వారమంతా రాత్రి పది గంటలకు పడక చేరుట, స్నానానికి ముందు పావుగంట నువ్వుల నూనె మర్దన, బిడ్డకంటె ముందుగా కాకపోయినా బిడ్డతోపాటే వేడి అన్నం తినుట – ఈ మూడు నియమాలు పాటించిన తల్లి ప్రయాణాన్ని సగం గెలిచినట్లే. మిగిలిన సగం సహాయం అడుగుటలో ఉన్నది. పెట్టె ఎత్తుమని, వరుసలో ముందుకు పోనిమ్మని, చేరిన తర్వాత రెండు గంటలు బిడ్డను చూడుమని నోరుతెరచి అడుగవలెను. తాను ఆరోగ్యంగా ఉండుటయే బిడ్డకు తాను ఇవ్వగల మొదటి ఔషధమని ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ గుర్తుంచుకొందురుగాక.